పొటాషియం రోజూ సరిపడా తినడం ఎలా: సీమ వంటింటికి సమగ్ర మార్గదర్శి

"బీపీకి పొటాషియం మంచిదంట కదా, రోజుకు ఎన్ని అరటిపండ్లు తినాలి?" అని చాలామంది అడుగుతున్నారు. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: "క్రియాటినిన్ కొంచెం ఎక్కువుంది, కొబ్బరినీళ్లు తాగొచ్చా?" (క్రియాటినిన్ అంటే కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె.) రెండూ పొటాషియం గురించే. కానీ మొదటివారు చాలావరకు పెంచుకోవాల్సినవారు, రెండోవారు డాక్టరును అడిగేదాకా ఆగాల్సినవారు. అందుకే ఇక్కడ పరీక్ష మొదట వస్తుంది, వంట ఆ తర్వాత.

అరటిపండు గురించి కూడా ముందే చెప్పేస్తాను. అది మంచిదే, కానీ పొటాషియం అంతా దాని మీదే ఆధారపడి లేదు. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో ఈ లెక్క తేలేది పప్పు దగ్గర, ఉలవల దగ్గర, ఆకుకూరల దగ్గర. పండు వాటి తర్వాతే.

1. మొదలుపెట్టే ముందు: మీరు పెంచుకోవచ్చా?

మనం తిన్న పొటాషియంలో ఎక్కువ భాగాన్ని బయటికి పంపేది కిడ్నీలే. అవి బాగా పనిచేస్తుంటే తిండి ద్వారా కొంచెం ఎక్కువ తిన్నా మూత్రంలో పోతుంది. అవి నీరసించి ఉంటే రక్తంలో పేరుకుంటుంది. పేరుకుంటే ముందు దెబ్బ తగిలేది గుండె లయకే, అదీ చాలాసార్లు ఏ సూచనా లేకుండా.

కింది వాటిలో ఏ ఒక్కటి మీకు వర్తించినా, డాక్టరును అడగకుండా పొటాషియం పెంచొద్దు:

- కిడ్నీ జబ్బు ఉందని చెప్పారు, లేదా క్రియాటినిన్ ఎక్కువగా వచ్చింది
- డయాలసిస్ జరుగుతోంది
- షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది, కిడ్నీ పరీక్ష ఈమధ్య చేయించలేదు
- గుండె బలహీనంగా ఉందని మందులు వాడుతున్నారు
- బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు వేసుకుంటున్నారు
- స్పైరోనోలాక్టోన్ వాడుతున్నారు
- కీళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి తరచుగా మింగుతున్నారు

చివరిదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కూలి పనికి పోయి వచ్చి నడుము నొప్పికి మెడికల్ షాపులో ఓ మాత్ర కొని వేసుకోవడం మనకు మామూలే. బీపీ మాత్ర, నొప్పి మాత్ర, నీరసించిన కిడ్నీ ఈ మూడూ ఒకచోట చేరితే పొటాషియం తొందరగా పెరుగుతుంది.

టెల్మిసార్టాన్ వేసుకునేవాళ్లంతా పప్పు, పండ్లు మానేయాలని దీని అర్థం కాదు. కిడ్నీలు బాగున్నాయని రిపోర్టు వస్తే మామూలు భోజనానికి అడ్డేమీ ఉండదు. ఆ రిపోర్టు లేకుండా ఊహించుకోవద్దన్నదే నా మాట.

ఇంకోవైపు, హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్రూసెమైడ్ లాంటి నీరు దించే మాత్రలు పొటాషియాన్ని తగ్గిస్తాయి. ఒకే మాత్రలో రెండు మందులు కలిపినవీ ఉంటాయి కాబట్టి స్ట్రిప్ వెనక పేర్లు చదివి, అర్థం కాకపోతే స్ట్రిప్పే తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

2. రక్తపరీక్ష సరిగ్గా చేయించుకోవడం

అడగాల్సిన పరీక్షలు రెండు: సీరం క్రియాటినిన్, సీరం పొటాషియం. క్రియాటినిన్ నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె, కూడా రిపోర్టులో వేయమనండి. పొటాషియం సాధారణంగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ల్యాబును బట్టి పై హద్దు కాస్త అటూ ఇటూ రాస్తారు.

ఇక్కడ ఒక చిక్కుంది. రక్తం తీసేటప్పుడు జరిగే చిన్న తేడాలకే పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది.

- నరం దొరకడానికి పిడికిలి పదేపదే మూసి తెరవకండి. ఒకసారి మూసి అలాగే ఉంచండి.
- చేతికి కట్టిన రబ్బరు పట్టీ ఎక్కువసేపు ఉండకూడదు.
- ఊళ్లో రక్తం తీసి సంచిలో పెట్టుకుని సాయంత్రానికి టౌనుకు పంపే చోట పరీక్ష చేయించొద్దు. ఆలస్యమయ్యేకొద్దీ రక్తకణాల లోపలి పొటాషియం బయటికి వస్తుంది. టౌనుకు వెళ్లే పని ఉన్న రోజు అక్కడే ఇవ్వండి.
- రిపోర్టులో శాంపిల్ హీమోలైజ్ అయిందని (అంటే రక్తకణాలు పగిలాయని) రాసుంటే ఆ అంకెను నమ్మొద్దు. మళ్లీ తీయించుకోండి.

అంకె ఎక్కువ వచ్చినప్పుడు ఇదంతా "ల్యాబు తప్పే అయ్యుంటుందిలే" అని ఇంట్లో కూర్చోవడానికి చెప్పడం లేదు. ఆ రోజే డాక్టరుకు చూపించండి, మళ్లీ తీయించాలా వద్దా ఆయన చెబుతారు.

3. ఎంత కావాలి, ఇప్పుడు ఎంత అందుతోంది?

పెద్దవాళ్లకు రోజుకు సుమారు 3,500 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 3,510 అంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కూడా దాదాపు అంతే.

కింద ఉన్నవి 100 గ్రాముల పచ్చి సరుకులో ఉండే పొటాషియం సుమారు అంకెలు, మిల్లీగ్రాముల్లో. నేలను బట్టి, రకాన్ని బట్టి మారతాయి.

- కందిపప్పు: 1,300 నుంచి 1,400
- పెసరపప్పు: 1,200
- ఉలవలు: 1,000కి పైన
- శెనక్కాయ గింజలు: 650 నుంచి 700
- తోటకూర, పాలకూర: 550 నుంచి 600
- ఉర్లగడ్డ: 400 నుంచి 500
- రాగులు: 440
- అరటిపండు: 350
- జొన్నలు: 330
- టమోటా: 230
- కొబ్బరినీళ్లు: 170 నుంచి 250
- పెరుగు: 150
- తెల్లబియ్యం: 110

చివరి అంకెను ఇంకోసారి చూడండి. మూడు పూటలా తెల్లన్నం, పల్చటి చారు, ఊరగాయ, సాయంత్రం బొరుగులు, రెండు టీలు. కడుపు నిండుతుంది, కానీ ఇలాంటి రోజు మొత్తం లెక్క వేస్తే 2,000 చేరడమే కష్టం.

ఏదైనా మార్చే ముందు మూడు రోజులు రాయండి. నోట్‌బుక్కు అక్కర్లేదు, కేలండర్ వెనక రాసినా చాలు. రాయాల్సినవి నాలుగే:

- పప్పు ఎన్నిసార్లు తిన్నారు, గరిటెడా, గిన్నెడా
- ఆకుకూర తిన్నారా లేదా
- పండు తిన్నారా లేదా
- ఊరగాయ, అప్పడం, బజ్జీ, మిక్చరు ఎన్నిసార్లు

మొదటి మూడింట్లో ఖాళీలు ఎక్కడ ఉన్నాయో, మీరు మార్చాల్సింది అక్కడే.

4. గింజ మార్చడం

రోజుకు ఒక్క పూట తెల్లన్నం బదులు సంగటో, జొన్నరొట్టో, సద్దరొట్టో పెట్టుకోండి. ఒక్కసారే మూడు పూటలూ మార్చకండి. వారం తిరక్కుండానే ఇంట్లో గొడవ మొదలవుతుంది.

సంగటిలో చూడాల్సింది పాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల, ముఖ్యంగా హోటళ్లలో, సంగటి ముద్ద పేరుకే నల్లగా ఉంటుంది. ముప్పావు వంతు నూకే. ఇంట్లో కనీసం సగానికి సగం రాగిపిండి పడాలి. 50 గ్రాముల పిండి, 50 గ్రాముల బియ్యం వేస్తే 275 వరకు వస్తుంది, అదే బరువు బియ్యం ఒక్కటే వండితే 110.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. రాగి కదా అని రెండు ముద్దలు లాగించొద్దు. ఒక ముద్ద, దాని చుట్టూ పప్పూ ఆకుకూరా ఎక్కువ.

పొద్దున్నే రాగి అంబలి తాగే అలవాటున్నవాళ్లు దానిలో మజ్జిగ కలుపుకుంటే రెండూ ఒకే గ్లాసులో వస్తాయి. ఉప్పు చిటికెడు కన్నా ఎక్కువ వద్దు.

5. పప్పు, ఉలవలు: అసలు బలం ఇక్కడే

మనిషికి రోజుకు 40 గ్రాముల కందిపప్పు పడితే 500 మిల్లీగ్రాములు దాటుతుంది. అంటే చేతి గుప్పెడు పచ్చి పప్పు. నలుగురున్న ఇంట్లో పూటకు ఒక చిన్న గ్లాసుకు తగ్గకుండా వేయాలి. ధర పెరిగినప్పుడల్లా పప్పు పల్చబడటం అందరికీ తెలిసిందే. కందిపప్పు మరీ ప్రియమైతే పెసలు, అలసందలు, ఉలవలు వంతులవారీగా వాడండి.

పొటాషియం నీళ్లలో కరుగుతుంది. వేడికి నాశనం కాదు, కానీ ఉడికించిన నీళ్లలోకి దిగిపోతుంది. కాబట్టి ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూసుకోవాలి. కుక్కర్లో పప్పు పెట్టి, ఆ నీళ్లతోనే ఎనిపితే ఏమీ పోదు. కట్టు వంచి చారు పెట్టుకున్నా పోదు, ఆ చారు తాగినంతవరకు. సింకులో పోస్తేనే పోతుంది.

ఉలవచారులో అయితే గింజ పశువులకు, కట్టు మనుషులకు అనే పాత పద్ధతి కూడా ఈ లెక్కన బాగానే నిలబడుతుంది. కానీ పీచు, ప్రోటీన్ గింజలోనే ఉండిపోతాయి. అందుకే ఇలా చేయండి:

1. గుప్పెడు ఉలవలు మట్టి, రాళ్లు ఏరి, రెండుమూడు సార్లు కడిగి, రాత్రంతా నానబెట్టండి. మన వైపు ఉలవల్లో సన్నటి రాళ్లు వస్తాయి, చాటలో చెరగకుండా వేయొద్దు.
2. నానిన నీళ్లు పారబోయండి. కొంచెం పొటాషియం పోతుంది, కానీ గ్యాస్ సమస్య తగ్గుతుంది. ఈ బేరం లాభమే.
3. నాలుగింతలు నీళ్లు పోసి కుక్కర్లో గింజ వేళ్ల మధ్య మెదిగేదాకా ఉడికించండి. గింజ పగలకపోతే కట్టు చిక్కబడదు.
4. కట్టు వంచండి. ముదురు ఎరుపులో, గరిటె వెనక పల్చటి పొరలా అంటుకోవాలి.
5. ఉడికిన గింజల్లో సగం రోట్లోనో మిక్సీలోనో కచ్చాపచ్చాగా నూరి కట్టులో కలపండి. మిగతా సగం ఎర్రగడ్డ, పచ్చికొబ్బరి వేసి గుగ్గిళ్లు చేసుకోండి.
6. కట్టులో చింతపండు రసం పోసి మరిగించి, ఎండుమిరపకాయ, జీలకర్ర, దంచిన తెల్లగడ్డతో తిరగమాత వేయండి.
7. ఉప్పు చివర్లో, దించే ముందు. పులుపు, తెల్లగడ్డ ఘాటు ముందే ఎక్కి ఉంటాయి కాబట్టి తక్కువ ఉప్పు సరిపోతుంది.

పప్పులు అలవాటు లేనివాళ్లు రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెంచండి. మొదటిరోజే గిన్నెడు ఉలవలు తిని, పొట్ట ఉబ్బి, "నాకు పడదు" అని వదిలేసేవాళ్లే ఎక్కువ.

6. ఆకుకూరలు: కడిగే తీరు, వండే తీరు

తోటకూర, చిర్రాకు, పాలకూర, గోంగూర, మునగాకు. ఏది చవగ్గా ఉంటే అది. మనిషికి ఒక చిన్న కట్ట, అంటే 100 గ్రాములు.

- కట్టగా ఉండగానే కడగండి, తరిగాక కాదు. సన్నగా తరిగి నీళ్లలో వేస్తే సారం ఆ నీళ్లలోకి పోతుంది.
- మట్టి ఎక్కువుంటే పెద్ద గిన్నె నీళ్లలో ముంచి పైకి తీయండి. నీళ్లు వంచితే అడుగున ఉన్న మట్టి మళ్లీ ఆకుకే పడుతుంది.
- ఉడికించి పిండేయడం మానండి. ఆ పచ్చటి నీళ్లతోనే పప్పుగుత్తి పెట్టి ఎనపండి.
- ఆకు, పప్పు, పచ్చిమిరపకాయ, టమోటా, చింతపండు అన్నీ ఒకే కుక్కర్లో వేసి ఎనిపే సీమ పప్పు ఈ పనికి చాలా అనువైనది. చుక్క నీరు వృథా కాదు.

కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర, తోటకూర రోజూ తినొద్దు. వాటిలో రాళ్లు కట్టడానికి దోహదం చేసే ఆక్సలేట్ ఎక్కువ. మెంతికూర లాంటివి మార్చి మార్చి వాడుకుని, డాక్టరు చెప్పిన ప్రకారం నీళ్లు బాగా తాగండి.

7. పండ్లు, కొబ్బరినీళ్లు, ఎండాకాలం

మధ్యరకం అరటిపండు ఒకటి తింటే 400 వస్తుంది. పులివెందుల, తాడిపత్రి వైపు తోటలు ఉన్నంతకాలం మనకు దొరక్కపోవడమనే మాట లేదు. చీనీకాయను రసం తీసి చక్కెర కలపకుండా తొనలుగా తినండి. కర్బూజ, జామ, సీతాఫలం, దానిమ్మ ఏ కాలానికి ఆ కాలం. రోజుకు ఒకటో రెండో పండ్లు చాలు, గంపెడు అవసరం లేదు.

వేసవిలో మాత్రం ఒక తప్పు అందరూ చేస్తారు. చెనిక్కాయ చేలోనో, ఇటుకల బట్టీ దగ్గరో చెమట కారేదాకా పనిచేసి వచ్చి, ఒంట్లో పొటాషియం పోయిందని ఉత్త కొబ్బరినీళ్లు తాగుతారు. చెమటలో ముఖ్యంగా పోయేది సోడియం, అంటే ఉప్పు. పొటాషియం పోయేది కొద్దిగానే. అలాంటప్పుడు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఎక్కువ పనిచేస్తుంది. ఆ తర్వాత కొబ్బరిబోండాం తాగితే మంచిదే.

వాంతులు, విరేచనాలకు సంగతి వేరు. అప్పుడు పొటాషియం నిజంగానే పోతుంది. మెడికల్ షాపులోనో, ఆశా కార్యకర్త దగ్గరో దొరికే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టు తెచ్చి, దాని మీద రాసినంత నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో లీటరుకు 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. రంగురంగుల డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు. పెద్ద ప్యాకెట్టులో సగం పొడి గ్లాసులో వేసి అంచనాగా తాగించడం పిల్లలకు ప్రమాదం.

8. ఉప్పు తగ్గించకపోతే సగం పని ఆగిపోతుంది

పొటాషియం బీపీకి మేలు చేసేది ప్రధానంగా రెండు రకాలుగా: ఎక్కువైన సోడియాన్ని మూత్రంలోకి నెడుతుంది, రక్తనాళాలను కొంచెం వదులు చేస్తుంది. ఒక చేత్తో పప్పు, ఇంకో చేత్తో మాగిన మామిడికాయ ఊరగాయ ఉంటే అది నెట్టీ నెట్టీ అలసిపోతుంది.

మనిషికి రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలి, దాదాపు ఒక చిన్న చెంచా. అన్నీ కలిపి. తూకం వేయాల్సిన పనిలేకుండా ఇలా చూడండి: కొత్త కిలో ఉప్పు ప్యాకెట్టు విప్పిన రోజు తేదీ దాని మీద రాసిపెట్టండి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ ప్యాకెట్టు కనీసం 50 రోజులు రావాలి, ఊరగాయల్లో పడేదీ అందులోనే కలిపి. నెలకే అయిపోతుంటే ఉప్పు ఎక్కువైనట్టే.

తగ్గించే క్రమం:

1. ముందు భోజనంలో పక్కన పెట్టుకునే ఉప్పు గిన్నె తీసేయండి.
2. మజ్జిగన్నంలో ఉప్పు మానండి, ఊరగాయ ఉంటే మరీను.
3. ఎర్రకారం, ఊరిబిండి నూరేటప్పుడు ఉప్పు మూడో వంతు తగ్గించి తెల్లగడ్డ, చింతపండు పెంచండి.
4. ఉగ్గాణి, బజ్జీ వారానికి ఒకసారి. ఉగ్గాణిలో పుట్నాల పొడి, ఎర్రగడ్డ, టమోటా, వేయించిన శెనక్కాయలు ఎక్కువ వేస్తే బొరుగులు తగ్గుతాయి.
5. రెండు వారాలు ఓపిక పట్టండి. నాలుక అలవాటుపడుతుంది.

లో సోడియం ఉప్పు సంగతి. ఈ ప్యాకెట్లలో మామూలు ఉప్పు కొంత తీసి దాని బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. నాలుగో వంతు కలిపిన ఉప్పు 5 గ్రాములు వాడితే 650 మిల్లీగ్రాముల పొటాషియం అదనంగా వస్తుంది. చైనాలో 600 ఊళ్లలో జరిగిన పెద్ద పరీక్షలో, 2021లో ఫలితాలు వచ్చాయి, ఇలాంటి ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు మంచి పద్ధతే.

కానీ ఒకే పొయ్యి మీద అందరికీ వండే ఇంట్లో కిడ్నీ జబ్బున్న మనిషి ఒక్కరున్నా ఈ ప్యాకెట్టు ఇంటికి తేవద్దు. ఎవరి కూరలో ఏ ఉప్పు పడిందో రోజూ గుర్తుపెట్టుకోవడం కుదరని పని. గర్భిణులకు, పిల్లలకు కూడా ఇది వద్దు.

9. ఒక రోజు పళ్లెం

- పొద్దున: రెండు జొన్నరొట్టెలు 330, వంకాయ కూర 300
- పదకొండు గంటలకు: అరటిపండు 400
- మధ్యాహ్నం: సగం రాగి, సగం బియ్యం సంగటి 275, తోటకూర పప్పు 1,100, మజ్జిగ 150
- సాయంత్రం: గుప్పెడు వేయించిన శెనక్కాయలు, ఉప్పు లేకుండా 200
- రాత్రి: అన్నం 110, ఉలవచారు 200, ఉర్లగడ్డ వేపుడు 400, పెరుగు 150

మొత్తం 3,600 దాటింది. వంటలో కొంత పోయినా 3,500కి దగ్గర్లోనే ఉంటాం. మూడో వంతుకు దగ్గరగా వచ్చింది ఆ ఒక్క తోటకూర పప్పు నుంచే. పప్పు ఆరోజు చేయకపోతే అరటిపండ్లు ఎన్ని తినాలో మీరే లెక్క వేసుకోండి.

10. కిడ్నీ జబ్బున్నవారికి: పొటాషియం తగ్గించి వండటం

డాక్టరు తగ్గించమని చెప్పినవారికి పైన చెప్పిన వంట మెళకువలన్నీ తలకిందులవుతాయి. నీళ్లు పారబోయాలి.

1. ఉర్లగడ్డ, కూరగాయలు తొక్క తీసి చిన్న ముక్కలుగా కోయండి. ముక్క ఎంత చిన్నదైతే అంత ఎక్కువ బయటికి వస్తుంది.
2. ముక్కలు బాగా మునిగేలా ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లు పారబోయండి.
3. కొత్త నీళ్లు పోసి మళ్లీ ఉడికించి వంపేయండి. ఉత్తగా నానబెట్టడం కన్నా ఇలా రెండుసార్లు ఉడికించడమే బాగా పనిచేస్తుంది.
4. ఆకుకూర కూడా ఉడికించి, పిండి, ఆ తర్వాతే కూర చేయండి.
5. పప్పుకట్టు, ఉలవచారు, టమోటా చారు తాగొద్దు.
6. కొబ్బరినీళ్లు, ఖర్జూరం, ఎండుద్రాక్ష, పండ్ల రసాలు, లో సోడియం ఉప్పు వద్దు.

ఎంత పప్పు తినాలన్నది ప్రోటీన్ లెక్కతో కూడా ముడిపడి ఉంటుంది, అది మీ డాక్టరు, డైటీషియన్ చెప్పాల్సిందే. డయాలసిస్ చేయించుకునేవారు మధ్యలో ఎక్కువ రోజులు ఖాళీ వచ్చేటప్పుడు, పండగలకూ పెళ్లిళ్లకూ మరింత జాగ్రత్తగా ఉండాలి. చూడటానికి వచ్చినవాళ్లు ప్రేమకొద్దీ కొబ్బరిబోండాలు పట్టుకొస్తారు. మొహమాటపడకుండా పక్కన పెట్టించండి, ఆ మాట ఇంట్లోవాళ్లు చెబితే ఇంకా సులువు.

11. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సవరణ

కాళ్లు పట్టేస్తే పొటాషియం తగ్గిందనుకోవడం. పిక్కలు పట్టేయడానికి చాలా కారణాలున్నాయి, అలసట, నీళ్లు తక్కువ తాగడం, కొన్ని మందులు. వారాల తరబడి ఉంటే రక్తపరీక్ష చేయించండి, ఊహ మీద నడవొద్దు.

పొటాషియం మాత్రలు, సిరప్పు సొంతంగా కొనడం. తిండిలో నెమ్మదిగా అందేది వేరు, మందుగా ఒక్కసారి పడేది వేరు. డాక్టరు రాయకుండా ముట్టుకోవద్దు. ఒకప్పుడు రాసిచ్చిన పాత చీటీ చూపించి మళ్లీ తెచ్చుకోవడమూ ఇంతే.

బీపీ మాత్ర ఆపేయడం. తిండి మార్చిన కొన్ని వారాలకు బీపీ కాస్త దిగొచ్చు. దిగిన అంకెలు రాసుకుని డాక్టరుకు చూపిస్తే, మోతాదు తగ్గించాలా అన్నది ఆయన చూసుకుంటారు.

కూరగాయలు ముందురోజే కోసి నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టడం. ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో ఇది ఎక్కువ. కోసినా ఫర్వాలేదు, నీళ్లు లేకుండా మూత గిన్నెలో పెట్టండి.

కొర్రన్నం వార్చడం. కొర్రలకు సరిపడా నీళ్లే పోసి ఇగిరించండి. పొడిపొడిగా రావాలంటే ముందు అరగంటన్నా నానబెట్టాలి.

12. ఇవి కనిపిస్తే వంట సంగతి పక్కన పెట్టండి

- ఉన్నట్టుండి కాళ్లు చేతులు లేవలేనంత బలహీనత
- గుండె దడ, లయ తప్పినట్టు అనిపించడం, కళ్లు తిరిగి పడిపోవడం
- కిడ్నీ జబ్బున్న మనిషికి మూత్రం బాగా తగ్గిపోవడం, దాంతోపాటు వాంతులు
- ఆగని విరేచనాలతో పాటు మత్తుగా ఉండటం
- ల్యాబు నుంచి పొటాషియం 6 దాటిందని, లేదా 3 కన్నా తగ్గిందని ఫోన్ రావడం

పొటాషియం ఎక్కువైనా తక్కువైనా బలహీనత, దడ ఒకేలా ఉంటాయి, బయటినుంచి చూసి ఏదో చెప్పలేం. కాబట్టి నీరసంగా ఉందని ముందు కొబ్బరినీళ్లు పట్టించి చూద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా ఈసీజీ తీసే దగ్గరి ఆస్పత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులన్నీ, చివరి రక్తపరీక్ష కాగితం ఒకే కవర్లో పెట్టి తీసుకెళ్లండి. నాటుమందులు, ఆకుపసర్లు ఏవైనా వాడుతుంటే దాచకుండా వాటి పేర్లు కూడా చెప్పండి.